పచ్చగడ్డియు పశువుల చూపును

చైత్రము గడచి వైశాఖము ప్రవేశించినంతనే, యాసంగి వరికోతలు ముగిసి, కాలువనీరు కట్టువడి, జగిత్యాల జిల్లా మేడిపల్లి పరిసరములందలి మళ్ళన్నియు కొయ్యకాళ్ళతో నిండి, గట్లమీది గఱిక సైతము వన్నెమాసి, పశువు కడుపు నిండుటకు గడ్డివాము తప్ప వేఱు దిక్కు లేని దినములు వచ్చును. వరిగడ్డి కడుపు నింపును, నెమరునకు పనికివచ్చును. కాని ఆ గడ్డి పచ్చగా పొలములో నిలిచియున్న కాలమున దానియందుండిన రెండు పదార్థములు అప్పటికే ఎండకును గాలికిని లోనై నశించిపోయియుండును. వానిలో మొదటిది కెరోటిను. పశువు దేహమందు ఇది 'ఎ' విటమినుగా మాఱును. రెండవది టోకోఫెరాలు, అనగా 'ఇ' విటమిను. మొదటిదానికిని కంటికిని గల సంబంధమును బడిపిల్లవాడు కూడ చెప్పగలడు. రేచీకటి, తోటకూర, బొప్పాయిపండు అను మాటలు మన ఊళ్ళ గోడలమీద సైతము వ్రాయబడినవి. రెండవదాని సంగతి అంతగా ప్రచారమునకు రాలేదు. వచ్చినచోట మందుల దుకాణపు ప్రకటనల మూలమున వచ్చుటచే, అది చూపునకు పదును పెట్టు ఔషధమన్న భ్రాంతితో కలిసి వచ్చినది. 'ఇ' విటమిను చూపును పుట్టించునది కాదు, పెంచునదియు కాదు. ఉన్న చూపు చెడకుండ కాచునది మాత్రమే. దీనిపై జరిగిన జంతుపరిశోధనలన్నియు ఈ ఒక్క భేదమునే పలువిధముల నిరూపించినవి.

ఈ విటమిను లోకమునకు తెలిసివచ్చినది కంటి మూలమున కాదు. 1922లో అమెరికాలోని బర్క్లీ నగరమున హెర్బర్ట్ ఎవాన్స్, కాథరీన్ స్కాట్ బిషప్ అను ఇరువురు పరిశోధకులు, పాలలోని మాంసకృత్తు, పిండిపదార్థము, పందికొవ్వు, లవణములు, నాటికి తెలిసిన విటమినులు మాత్రమే కలిపిన మేతపై ఎలుకలను పెంచిరి. ఎలుకలు చక్కగా పెరిగినవి, గర్భమును ధరించినవి, కాని గర్భములు నిలువలేదు. ఆ మేతకు లెట్యూస్ ఆకులను చేర్చినంతనే పిల్లలు పుట్టినవి. తరువాత గోధుమగింజ మొలకభాగపు నూనెయందు ఆ గుణమే అధికముగా నున్నట్లు తేలినది. 1936లో ఎవాన్స్ బృందమువారు దానిని ఆ నూనెనుండియే వేఱుపఱచిరి. 1938లో పాల్ కారర్ కృత్రిమముగా తయారుచేసెను. ఇట్లు సంతానముతో ముడిపడి పుట్టుటచే చాలకాలము దీనిని గొడ్డుతనమును పోగొట్టు విటమినుగానే లోకము ఎఱిగినది. కంటి కథ తరువాతి తరమువారి వంతైనది.

నేత్రగోళపు లోపలిగోడ నంటుకొని రెటీనా అను పలుచని పొర యున్నది. దానియందు వెలుతురును గ్రహించు కణములు రెండు తెగలు: మసకవెలుతురున పనిచేయు దండకణములు, పగటివేళ రంగులను సూక్ష్మరూపములను పట్టు శంకుకణములు. దండకణపు కొనయందు ఒకదానిపై నొకటి పేర్చిన పలుచని బిళ్ళలు వందలకొలది యుండును. వెలుతురు తాకినంతనే రూపము మార్చుకొను రొడాప్సిను అను వర్ణకము ఆ బిళ్ళలలోనే ఇమిడియుండును. ఆ వర్ణకమునందు 'ఎ' విటమినునుండి పుట్టిన భాగ మొకటి కలదు. 1933లో జార్జ్ వాల్డ్ రెటీనాయందు 'ఎ' విటమినును కనుగొనుటతో ఈ రహస్యమునకు దారి దొరకినది. 1967లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. కాబట్టి 'ఎ' విటమిను చూపు అను క్రియలోనే పాలుగొనునది. అది తగ్గిన పశువునకు ముందుగా మసకచీకటిలో దారి కానరాదు; సకాలమున మరల లభించినచో చూపు త్వరగనే తేరుకొనును. 'ఇ' విటమిను పని ఇట్టిది కాదు.

ఆ బిళ్ళల పొరలు కొవ్వుతో నిర్మితములు. ఆ కొవ్వు సామాన్యమైనది కాదు. అందలి కొవ్వు ఆమ్లములలో సుమారు సగము డి.హెచ్.ఎ. అను జాతికి చెందినది. ఒక్కొక్క అణువునందు ఆఱేసి ద్విబంధములు కలిగి, నేతివలె గడ్డకట్టక, ఎల్లప్పుడు పలుచగా కదలాడుచుండు స్వభావము కలది. రొడాప్సిను చటుక్కున రూపము మార్చుకొనుటకు ఈ కదలిక అనుకూలము. కాని ద్విబంధములు పెరిగిన కొలది ప్రాణవాయువు దానిని చెఱచుటయు సులభమగును. నూనెలు ముక్కిపోవుట ఈ చర్యవలననే కదా! రెటీనా యైనచో, తూకముతో లెక్కించినపుడు దేహమందలి అన్ని భాగములకంటె అధికముగా ప్రాణవాయువును వినియోగించు కణజాలములలో ఒకటి; పైగా రోజంతయు వెలుతురు దానిపై పడుచునే యుండును. త్వరగా ముక్కిపోవు కొవ్వు, సమృద్ధియైన ప్రాణవాయువు, ఎడతెగని వెలుతురు: ఈ మూడును ఒక్కచోట చేరిన స్థానము దేహమునందు మఱియొకటి లేదు. అట్టిచోట ఏండ్ల తరబడి చూపు నిలుచుటయే విచిత్రము.

కొవ్వు చెడుట ఒక అణువుతో ఆగునది కాదు. చెడిన అణువు ప్రక్కదానిని చెఱచును; అది మఱియొకదానిని; గడ్డివాములో ఒకమూల రవ్వ పడినపుడు పరకనుండి పరకకు మంట ప్రాకినట్లు, పొర పొడవునను ఆ చర్య సాగిపోవును. టోకోఫెరాలు అణువు కొవ్వుపొరలోనే నిలిచి, తనయందలి ఒక హైడ్రోజను పరమాణువును ఆ చెడిన అణువున కిచ్చి, ప్రాకుచున్న మంటను అక్కడికక్కడ ఆపివేయును. అట్లు ఇచ్చినపిదప తాను నిర్వీర్యమైనను, 'సి' విటమిను దానికి పోయిన హైడ్రోజనును తిరిగి సమకూర్చి మరల పనికి నిలుపగలదు. కావున 'ఇ' విటమిను కొలది పరిమాణములోనే గొప్ప పని చేయును; పొరలలో దానికి చోటున్నంతమేర నిండినపిమ్మట, ఇంకను ఎక్కువ పోసినందున చూపు ఇనుమడించుటకు మార్గమేమియు లేదు.

రెటీనా వెనుక దానికి కావలిగా నుండు మఱియొక కణవరుస కలదు. దండకణములు దినదినము తమ కొనలనుండి పాత బిళ్ళలను రాల్చి, మొదట క్రొత్తవానిని కట్టుకొనుచుండును. ఈ విధముగా సుమారు పదిదినములలో కొన యంతయు క్రొత్తదగునని 1960లలో రిచర్డ్ యంగ్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. రాలిన బిళ్ళలను వెనుక నున్న కణములు మ్రింగి జీర్ణించుకొనవలెను. బిళ్ళల కొవ్వు చెడనిదైనచో ఇది సుఖముగా జరుగును. చెడినదైనచో జీర్ణము కాని గోధుమవన్నె మడ్డి, శాస్త్రజ్ఞులు లైపోఫుసిను అనునది, ఆ కణములలోనే పేరుకొనును. 'ఇ' విటమిను కొఱవడిన జంతువుల కంటిలో వైద్యునకు ప్రధానముగా కనబడు గుర్తు ఈ మడ్డియే. అది పేరుకొని పేరుకొని కావలికణములు పనిచెడినపిదప వానిపై నాధారపడిన దృష్టికణములును నశించును. నశించిన దృష్టికణము మరల పుట్టదు. 'ఎ' విటమిను కొఱతకును దీనికిని ఇక్కడనే పెద్ద తారతమ్యము: అందు కష్టము ముందే తెలియును, మందు త్వరగా పనిచేయును, ఇందు కష్టము లోలోపల నెలలతరబడి, ఒక్కొక్కచో ఏండ్లతరబడి సాగి, బయటపడునప్పటికి సగము నష్టము తీఱనిదై యుండును.

కుక్కలలో ఈ వ్యాధి చరిత్ర మనోహరమైనది. ఐరోపాలో గొఱ్ఱెలమందలను కాయు కుక్కలకును వేటకుక్కలకును ఒక వింత దృష్టిలోపము కలుగుటను పెంపకందార్లు చాలకాలముగా ఎఱుగుదురు. దూరమున కదలిపోవు గొఱ్ఱెను పట్టగల కుక్క, ఎదుట కదలక నిలిచియున్న వస్తువును కానక పోయి దానికి తగులుకొనెడిది. రెటీనా నడిమిభాగము చెడి అంచులు మిగిలియుండుటచే కలుగు స్థితి యిది. దీనిని వంశపారంపర్య వ్యాధిగానే ఎంచిరి. అయితే 1981లో కార్నెల్ విశ్వవిద్యాలయమున రోనాల్డ్ రిస్ తన సహచరులతో గూడి కుక్కపిల్లలకు 'ఇ' విటమిను లేని మేతను పెట్టి చూడగా, కొలది నెలలకే వాని కన్నులలో అట్టి మడ్డియే పేరుకొని, రేచీకటియు కలిగినది. తరువాత ఇంగ్లండులో కాకర్ స్పానియల్ జాతి కుక్కలను పరీక్షించినవారికి, ఈ దృష్టిలోపము గల కుక్కల నెత్తుటిలో 'ఇ' విటమిను మిక్కిలి తక్కువగా నున్నట్లు కనబడినది. మేతలో లోటు లేకున్నను వాని దేహమే దానిని నిలుపుకొనలేకపోవుచున్నది. వంశమా, మేతయా అను వివాదమునకు రెండును అను సమాధానము లభించిన సందర్భములలో ఇది యొకటి.

కోతులపై ప్రయోగము 1974నాటిది. కె.సి. హేస్ అను పోషకశాస్త్రజ్ఞుడు కొన్ని కోతులకు 'ఇ' విటమినును, మఱికొన్నింటికి 'ఎ' విటమినును లేకుండచేసి సుమారు రెండేండ్లు పెంచెను. 'ఇ' లేనివాని రెటీనాలో మాక్యులా అను నడిమి చుక్క వద్ద దృష్టికణముల కొనలు చిందఱవందఱయైనవి. మనుష్యునకు అక్షరములు చదువుటకును ముఖములు గుర్తించుటకును ఆధారమైన ఆ చుక్క, పాలిచ్చు జంతువులలో కోతిజాతికిని మనకును మాత్రమే యుండుటచే ఈ ఫలితమునకు విలువ హెచ్చు. ఈ హేస్ యే మరుసటియేట పిల్లులపై పరిశోధించి, వాని రెటీనా చెడుటకు టారిను అను మఱియొక పదార్థపు లోపము కారణమని చూపెను. పిల్లికి టారిను మాంసమునుండియు చేపనుండియు రావలసినదే. కుక్కకు పెట్టు మేతతో పిల్లిని పెంచువారు దాని కన్నులకు తెలియకయే కీడు చేసినవారగుదురు. జంతువు మాఱినకొలది కంటికి కావలసినదియు మాఱునని చెప్పుటకే ఈ ముచ్చట.

గుఱ్ఱముల కథ మఱింత విపులముగా చెప్పదగినది. ఏలయన ఇది ప్రయోగశాలలో పుట్టినది కాదు, కొట్టములలో పుట్టినది. 1990లో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ కమింగ్స్ ప్రభృతులు, అమెరికా ఈశాన్యభాగపు గుఱ్ఱములలో నాటివరకు ఎవ్వరును వర్ణింపని వ్యాధి నొకదానిని ప్రకటించిరి. గుఱ్ఱము బాగుగనే తినుచుండును, కాని చిక్కిపోవును. నిలిచినచోట వణకుచు, ఒక కాలినుండి మఱియొక కాలికి బరువు మార్చుకొనుచుండును. అలవాటునకు మించి పండుకొనును. వెన్నుపాములోని కదలికనిచ్చు నాడీకణములు నశించుటయే దీనికి కారణము. ఈ గుఱ్ఱములన్నింటికిని సామాన్యమైన లక్షణ మొకటి కలదు: పచ్చికబయలు ఎఱుగక, ఏడాదికి పైబడి ఎండుగడ్డియు దాణాయు మాత్రమే తినుట. వాని నెత్తుటిలో 'ఇ' విటమిను అడుగంటియుండెను. కంటివైద్యులు పరికరముతో లోపలికి తొంగిచూడగా, పెక్కింటి కన్నులలో గోధుమవన్నె చారలు వలపన్నినట్లు కనబడినవి. రాత్రివేళ టార్చిలైటు వేసినపుడు ఆవుల కన్నులు, కుక్కల కన్నులు, గుఱ్ఱముల కన్నులు తళుక్కున మెఱయుట మనము చూచుచునే యుందుము. రెటీనా వెనుకనున్న టపీటము అను అద్దపుపొర వెలుతురును తిరుగగొట్టుటచే ఆ మెఱపు కలుగును. వ్యాధిగల గుఱ్ఱములలో ఆ పొరకు ముందున్న కావలికణములే మడ్డితో నిండి చారలుగా కనబడినవి. విచిత్రమేమన, యజమానుల కంటికి అట్టి గుఱ్ఱములు చూపులేనివానివలె కనబడలేదు. రెటీనాయొక్క విద్యుత్స్పందనను కొలుచు పరీక్షలో మాత్రమే తగ్గుదల బయటపడినది. పట్టణములలో పెండ్లి బరాతులకై గుఱ్ఱములను పెంచి, సంవత్సరము పొడవునను ఎండుమేతమీదనే నిలుపువారు ఈ కథను వినుట మంచిది.

కోళ్ళ సంగతి సంగ్రహముగా చెప్పెదను. 'ఇ' విటమిను తగ్గిన కోడిపిల్ల మెదడు వాచి, మెడ మెలికపడి, గిరగిర తిరిగి పడిపోవునని 1931లో పాపెన్‌హైమరు, గోట్ష్ అనువారు వర్ణించిరి. ఇది కంటివ్యాధి కాదు. టర్కీకోళ్ళలో మాత్రము, తల్లి మేతలో ఈ విటమిను లేనపుడు గ్రుడ్డులోని పిండమునకే కంటికటకము మసకబాఱునని 1950లలో తేలినది. లోకమును చూడకముందే కంటికి కీడు కలుగు ఉదాహరణ యిది.

మనుష్యునియందును దీనికి సాటియైన దృష్టాంత మొకటి కలదు. మన కాలేయమునందు, ఆహారముతో వచ్చిన పలురకముల టోకోఫెరాలులలో ఆల్ఫా అను రకమును మాత్రము ఏఱి నెత్తుటిలోనికి పంపు మాంసకృత్తు ఒకటి యున్నది. పుట్టుకతో ఆ మాంసకృత్తు లోపించినవారు, ఎంత మంచి ఆహారము తినినను, 'ఇ' విటమిను లేనివారితో సమానులు, నడక తూలును. జపానులో అట్టివారికి రెటీనాయు క్రమముగా చెడుటను టకనోరి యొకోటా బృందము 1996లో వెల్లడించినది. ఆ మాంసకృత్తు లేకుండ పుట్టించిన చిట్టెలుకలలోను ఇట్టి చిహ్నములే తరువాత కనబడినవి. అందఱును తినునదే తినుచు కొందఱే చెడుట ఏమని అడుగువారికి, స్పానియల్ కుక్కలును ఈ రోగులును కలిసి బదులు చెప్పుచున్నారు.

ఇక, లోపించినచో చెడునది అధికముగా నిచ్చినచో వృద్ధియగునా అను ప్రశ్న సహజము. మాత్రల వ్యాపారమంతయు ఈ ప్రశ్నమీదనే నిలిచియున్నది. 2001లో ప్రకటితమైన అమెరికా ప్రభుత్వ నేత్రసంస్థ పరిశోధనలో, 400 యూనిట్ల 'ఇ' విటమినును 'సి' విటమిను, బీటా కెరోటిను, జింకులతో కలిపి యిచ్చినపుడు, మాక్యులా వ్యాధి అప్పటికే కొంత ముదిరినవారికి అది తీవ్రమగు ప్రమాదము సుమారు 25 శాతము తగ్గినది. శుక్లములపై ప్రభావ మేమియు కానరాలేదు. ఇందు 'ఇ' విటమిను వాటా ఎంతయో విడదీయుటకు వీలులేదు. ఆస్ట్రేలియాలో నాలుగేండ్లు 'ఇ' విటమినును ఒంటరిగా నిచ్చి చూచినవారికి మాక్యులా విషయమున ప్రయోజనము కనబడలేదు. మనకు పొరుగున మదురైలో అరవింద నేత్రాలయమువారు పాలుగొన్న అయిదేండ్ల పరిశోధన, 'ఎ', 'సి', 'ఇ' పదార్థములు శుక్లము ముదురుటను ఆపలేదని 2006లో తేల్చినది. జంతువులలో కనబడిన మేలు మనుష్యులలో కనబడకపోవుట వింతయేమియు కాదు. జంతుప్రయోగములలో విటమినును మొదట పూర్తిగా తీసివేసిరి. మదురై పరిసరములలో నూనెతో కూర వండుకొని తినువానికి దానిని ఎవ్వరును తీసివేయలేదు.

అధికము మేలు కాదనుటకు మన హైదరాబాదు నుండియే చక్కని నిదర్శనము కలదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆరంభించిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడుచున్నది. అచ్చట భానుప్రకాశ్ రెడ్డి బృందము, గాలక్టోజు అను చక్కెరను 30 పాళ్ళు కలిపిన మేతతో ఎలుకలకు శుక్లములు కల్పించి, ఆ మేతకు పసుపులోని కుర్కుమినును చేర్చి చూచినది. 2003లో ప్రకటించిన ఫలితము ఇది: నూటికి 0.002 పాలు కలిపినపుడు శుక్లము ఆలస్యముగా వచ్చి ఆలస్యముగా ముదిరినది, 0.01 పాలు కలిపినపుడు ఆరంభము కొంచెము ఆలస్యమైనను, పిదప అసలు కుర్కుమిను లేని ఎలుకలకంటె వేగముగా ముదిరినది. కుర్కుమిను 'ఇ' విటమిను కాదు. కాని ప్రాణవాయువు చేయు చెఱుపును అడ్డగించు ద్రవ్యములన్నింటికిని ఈ హెచ్చరిక వర్తించును. పసుపు పండించు కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములవారు తమ పంటపై ఇంతటి సూక్ష్మపరీక్ష జరిగినదని తెలిసికొనదగును.

ఇప్పుడు మన ఆవు బర్రెల కడకు వత్తము. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మ్రొక్కు తీర్చుకొను ఈ సీమలో, పశువు కంటికి వచ్చిన కష్టము ఇంటిమనిషికి వచ్చినట్లే. కాని కష్టములన్నింటిని విటమినుల లెక్కలో వేయరాదు: కంట్లో పువ్వు వేయుట, నీరు కాఱుట, కంటిపురుగు, ముల్లు గ్రుచ్చుకొనుట, ఇవి వైద్యుడు చూచి తేల్చవలసిన వేఱు సంగతులు. ఎండుమేతవలన కలుగు దృష్టిలోపమున తొలిముద్దాయి 'ఎ' విటమినే. సంధ్యవేళ కొట్టమునకు మరలుచు గుంజకు తగులుకొను దూడయందు మొదట ఊహింపదగినది దాని లోపమే. దూడలలో ఆ లోపము ముదిరినచో, కంటినరము పుఱ్ఱెనుండి వెలువడు ఎముకరంధ్రము ఇఱుకై, నరము నలిగి, శాశ్వతముగా చూపు పోవును. నెమరువేయు పశువులకు 'ఇ' విటమిను లోపము కంటికంటె ముందు కండరములకు తగులును. పెద్దపేగులో గాక మొదటిపొట్టలోనే మేత పులియుటచే, మేతలోని ద్విబంధముల కొవ్వు చాలవఱకు గట్టికొవ్వుగా మాఱి నెత్తురు చేరును. గుఱ్ఱమునకు అట్టి సదుపాయము లేదు. అయినను 'ఇ' విటమినునకు 'ఎ' పక్షమున ఒక పని కలదు. 'ఇ' లోపించిన ఎలుకల కాలేయమున 'ఎ' నిలువలు త్వరగా తఱిగిపోవునని కేంబ్రిడ్జిలో థామస్ మూర్ 1940లో చూపెను. 'ఎ' విటమినుకూడ ప్రాణవాయువుచే చెడు పదార్థమే. కావలివాడు లేనపుడు అదియు దోపిడికి లోనగును. పచ్చగడ్డిలో రెండును జంటగా వచ్చును, ఎండుగడ్డిలో రెండును జంటగా పోవును.

ఆవుపాల వెన్న పసుపుపచ్చగాను, బర్రెపాల వెన్న తెల్లగాను ఉండుటచే బర్రెపాలలో ఈ సత్తువ తక్కువని తలచువారు కలరు. బర్రె కెరోటినును మార్చి 'ఎ' విటమినుగానే పాలలోనికి పంపును. దానికి రంగు లేదు. రంగులేనిదంతయు సారములేనిది కాదు.

కోరుట్లలో పశువైద్యకళాశాల యున్నది. జగిత్యాల ప్రక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధనస్థానము వరివంగడములకును నువ్వు వంగడములకును పేరొందినది. ఈ రెండింటి నడుమ నివసించు రైతునకు మందులషాపులో దొరకు సీసాకంటె ముందు మూడు వస్తువులు చేతిలో నున్నవి. మొదటిది, బోరునీరున్నచోట రెండు గుంటల పచ్చిమేత. ఎండకాలమున రోజునకు ఒక మోపు పెట్టినను వరిగడ్డి లోటు చాలవఱకు పూడును. సీసాలలో 'ఇ' విటమినుతో సెలీనియము అను మూలకమును జతచేసి అమ్ముట కలదు. అది కొలదిగా మేలుచేసి, కొంచెము మించినంతనే విషమగునది గనుక, వైద్యుడు తూకము చూచి చెప్పనిదే సూది పొడిపింపరాదు.

రెండవది తవుడు. వరిగింజలోని 'ఇ' విటమిను దాదాపుగా తవుటిలోనే చేరును. టోకోట్రయినాలులు అను దాని జ్ఞాతిపదార్థములును అందే. కాని మిల్లులో బియ్యమునుండి విడివడినంతనే తవుటిలోని లైపేసు అను కిణ్వము తన నూనెనే తాను విఱుగగొట్టుట ఆరంభించును. విఱిగిన నూనె గాలి తగిలి ముక్కును. ముక్కుచున్న నూనెను ఆపు ప్రయత్నములో తవుటిలోని 'ఇ' విటమిను ఖర్చైపోవును. ముక్కిన తవుడు తినిన పశువు కడుపులో, మిగిలిన మేతలోని 'ఇ' కూడ అదే దారి పట్టును. చేదువాసన వచ్చు తవుడును కుడితిలో కలిపి పెట్టుట పొదుపు కాదు. ఉప్పుడుబియ్యపు మిల్లుల తవుటిలో, వడ్లను ముందే ఆవిరిపట్టుటచే ఆ కిణ్వము చచ్చి, అది పచ్చిబియ్యపు తవుటికంటె నిలువకు ఓర్చును. కరీంనగరు సీమలో అట్టి మిల్లులకు కొదువలేదు.

మూడవది నువ్వు. పసుపు త్రవ్వినపిదప ఆ మడిలోనే వేసవినువ్వులు చల్లుట ఇచ్చటి వాడుక. పొలాసనుండి వెలువడిన జగిత్యాల తిల్-1 వంగడమును ఎఱుగని నువ్వురైతు అరుదు. సంక్రాంతి సకినాలలోను, సద్దుల బతుకమ్మనాటి నువ్వులపొడిలోను మన నోటికి వచ్చు ఈ గింజలో ఒక చిక్కు కలదు. దీనియందలి టోకోఫెరాలులో అధికభాగము గామా రకము. కాలేయము ఏఱుకొనునది ఆల్ఫా రకము గనుక గామా చాలవఱకు విఱిగి బయటికి పోవలెను. కాని జపానులో యమషిత ప్రభృతులు 1992లో ఎలుకలకు నువ్వులు తినిపించి చూడగా, లెక్కకు మించి గామా టోకోఫెరాలు నెత్తుటిలో నిలిచి, పూర్తి 'ఇ' విటమినువలెనే పని చేసినది. నువ్వులోనే యున్న సెసమిను మొదలగు ద్రవ్యములు టోకోఫెరాలును విఱుగగొట్టు పనిని అడ్డగించుటయే ఇందుకు కారణమని పిమ్మట తెలిసినది. పశువుల వఱకు వచ్చునది గింజ కాదు, చెక్క. టోకోఫెరాలు నూనెతోడనే పోవును గాని పిండితో మిగులునది కాదు కాబట్టి, గానుగచెక్కలో ఎంత నూనె మిగిలిన అంతయే 'ఇ' విటమిను మిగులును: ఎద్దుగానుగ చెక్కలో కొంత, మరగానుగ చెక్కలో అంతకంటె తక్కువ, ద్రావకముతో నూనెను కడిగి తీసిన పిండిలో దాదాపు సున్న. సంచిమీద మాంసకృత్తుల శాతమునే చూచి కొనువారు ప్రక్కనే యున్న నూనెశాతపు అంకెను కూడ చదువవలెను.